తీయని అపెండిక్స్

ఆ రోజు కెమెరా లెన్స్ మసకబారలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జూనియర్ సర్జన్‌ని. మిర్చి యార్డుకి సరుకు పోటెత్తే ఎండాకాలం. కీహోల్ ఆపరేషన్‌లో బొడ్డు దగ్గర చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం లోపలికి పంపుతారు. చీఫ్ సర్జన్ తెర చూస్తూ పని చేస్తారు, ఆయన చేతులు ఎటు వెళితే అటు జూనియర్ కెమెరా తిప్పాలి. నోరు తెరవక్కర్లేని పని కాబట్టి నాకు బాగా నచ్చింది. ఇప్పుడది మానేసి కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

ఏసోబు దర్శి వైపు మనిషి, యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీ. కుడి గజ్జల్లో హెర్నియా. లోపల మెష్ అనే సన్నటి వల పరిస్తే మళ్లీ బస్తా ఎత్తవచ్చని చెప్పాకే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు.

హెర్నియా సందులోకి మామూలుగా పేగో కొవ్వో జారుతుంది. ఏసోబుకి అపెండిక్స్ దూరింది. చాలా అరుదు. చీఫ్ కళ్లు మాస్కు పైనుంచి మెరిశాయి. వీడియో రికార్డవుతోందా అని రెండుసార్లు అడిగారు. పేషెంటు బీపీ ఒక్కసారీ అడగలేదు.

మెల్లగా లాగితే అపెండిక్స్ వచ్చేసింది. వాపు లేదు, ఎరుపు లేదు.

"తీసేద్దాం. కాన్ఫరెన్స్‌లో చూపించడానికి సీసాలో ఏదో ఒకటి ఉండాలిగా" అన్నారు చీఫ్.

అపెండిక్స్ కోయడమంటే పేగు తెరవడమే. ఆ పక్కనే మెష్ పెడితే చీము పట్టొచ్చు. పెట్టకపోతే ఏసోబు బస్తాల పని గోవిందా. ఇదంతా నేను చదివి ఉన్నాను. కానీ చీఫ్‌తో "వద్దు" అనే అలవాటు మా ఆసుపత్రిలో ఎవరికీ లేదు.

"సార్, లెన్స్ మసకేసింది" అంటూ కెమెరా బయటికి లాగాను.

మసకబారిన లెన్స్‌ని వేడి సెలైన్‌లో ముంచి తుడవాలి. అంతసేపూ తెర మీద ఏమీ కనబడదు. ఎంత పెద్ద సర్జనైనా చెయ్యి కదపకూడదు. నేను తీరిగ్గా తుడుస్తూ, "మెష్ ప్యాకెట్ తెరవమంటారా సార్, వద్దా?" అని అడిగాను.

మత్తు డాక్టరుగారు చిన్నగా దగ్గారు.

"తెరవకుండా ఎట్లా? బస్తాలు మోసేవాడికి!" అన్నారు చీఫ్. నావైపు తిరిగి, "బాగున్న అపెండిక్స్ జోలికి పోకూడదమ్మా. కాస్త పుస్తకాలు చదవండి" అని మందలించారు.

"అలాగే సార్" అన్నాను.

అపెండిక్స్‌ని దాని చోట వదిలేసి, సందు మీద మెష్ పరిచి, పైపొర మూసేశాం. బయట ఏసోబు భార్య మార్తమ్మ నా చేతుల వైపు చూసింది.

"ఏదమ్మా తీసింది?"

"ఏమీ తీయలేదండి."

"అదేందమ్మా! పక్కమంచం ఆవిడకి సీసాడు రాళ్లు చూపించారు!"

ఊళ్లల్లో ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారే, అది తెచ్చే పేగు హెర్నియాలోకి దూరిందనీ, వెనక్కి నెట్టి వల వేశామనీ చెప్పాను.

"దొంగని పట్టుకుని, మళ్లీ మా ఇంట్లోనే కూర్చోబెట్టి, తడిక కట్టారన్నమాట" అంది.

ఆ శీతాకాలంలో కాన్ఫరెన్స్ జరిగింది. "తీయకుండా ఆగడమే సర్జన్‌కి అసలు పరీక్ష" అని చీఫ్ ప్రసంగించారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ కేసులో నేను నేర్చుకున్నవి రెండు. బాగున్న అవయవాన్ని వదిలేయడం కూడా ఆపరేషన్‌లో భాగమే. పైవాళ్లకి సలహా ఇవ్వాలంటే దాన్ని ప్రశ్నగా మార్చి అడగాలి.

మిర్చి మళ్లీ దిగాక భార్యాభర్తలు చివరిసారి చూపించుకోవడానికి వచ్చారు. ఏసోబు యార్డులో బస్తాలు ఎత్తుతున్నాడు. ఉబ్బు లేదు, నొప్పి లేదు. ఇక రానక్కర్లేదని చెప్పాను. మార్తమ్మ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"లోపల అది అట్టాగే ఉందంటగా, దానికి పథ్యం ఏందో చెప్పు తల్లీ. కారం మానమని మాత్రం అనబాక."