తొట్టిలో చక్కెర

నేను వంట చేసే కువైట్ ఇంటి డ్రైవరు కడపోడు. హాల్లో పగడాలూ చేపలూ ఉన్న ఉప్పునీళ్ల తొట్టిలో చేపల మురికితో పేరుకునే నైట్రేట్లు తగ్గాలని, వాటిని తినే సూక్ష్మజీవులకు మేతగా రోజూ చిటికెడు చక్కెర వేసి, వేలు ముంచి నాకేవాడు. అదే వేలు నా పులుసులోనూ పెట్టేవాడు.

సెలవుకు పోతూ, "ఈ నెలంతా నువ్వెయ్యక్కా" అన్నాడు.

"థూ! ఆ కంపునీళ్లు నేను ముట్టను."

వాడు నెలకు సరిపడా చక్కెర ఒకేసారి గుమ్మరించి విమానమెక్కాడు.

మర్నాటికి ఆ సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి నీళ్లు పాలలా తెల్లబడి, ఊపిరాడక చేపలన్నీ చచ్చి తేలాయి. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ ఇంటి యజమానురాలు మామా నా చేతికి బకెట్ ఇచ్చింది. చీమిడిలాంటి జిగురంతా ఎత్తిపోశాక వాడి ఫోను.

"అక్కా, చేపలు బాగుండాయా?"

"బాగుండాయిలే" అన్నాను. ముట్టనన్న చేతులు మోచేతుల దాకా కంపు కొడుతున్నాయి.