కుట్టుపని చేతి మందారం

ఆసుపత్రి వార్డులోకి పువ్వులు తేనివ్వరు. మాటా తిండీ మానేసిన అమ్మమ్మకు ఆమె ఇంట్లో కుండీలో పెంచుకున్న మందారాన్ని ఎలాగైనా చూపించాలని, నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన తాతయ్య రంగు పెన్సిళ్ళు పట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? కాగితం మడిచి, సగం పువ్వు గీసి, రెండో సగం అచ్చు దించి, రేకులన్నీ టేపుతో కొలిచి సరిచూశాడు.

"ఇది చొక్కా కాలరండీ, నా పువ్వు కాదు," అని గొణిగి అమ్మమ్మ అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆయన టేపు పక్కన పడేసి, కుండీ ముందు గొంతుక్కూర్చుని, కనిపించింది కనిపించినట్టే గీశాడు. పురుగు తొలిచిన ఆకూ, వాలిపోయిన మొగ్గా, ఎండిన అంచులూ వచ్చాయి. అమ్మమ్మ ఆ కాగితాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మొక్కకు నీళ్ళు పోయడం లేదా మీరు? మనిషేనా అసలు!"

వారం రోజుల్లో మొదటిసారి ఆవిడ గొంతు వార్డంతా వినిపించింది. తాతయ్య తలవంచుకుని, ఒక్క తిట్టూ కింద పడకుండా విన్నాడు.