మా గని ఉన్నచోట సముద్రం

మ్యాపులో మా గని ఉండాల్సిన చోట సముద్రం ఉంది. ఆదివారం మధ్యాహ్నం, గోదావరిఖనిలో ఒక గని కార్మికుడి క్వార్టర్ ముందుగదిలో, ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చిన రంగు ప్రింటును క్యారంబోర్డు మీద పరిచాక మేం నలుగురం చూసింది అదే.

"సముద్రమైతే మంచిదే కద భాయ్. ఈ ఎండలకు జర సల్లగుంటది," అన్నాడు మాలో మెకానిక్.

ఆ క్వార్టర్‌లో ఉండే అన్న నవ్వలేదు. "లోపల ముగ్గురం ఉన్నం. గా మాట మర్చిపోకు."

ఆ ముగ్గురి సంగతి చెప్పాలి. మాది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు అందులో తలా ఒక మనిషిగా ఉండి ఏం చేస్తారో చెబుతారు. అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది కంప్యూటర్ పాఠాలు చెప్పే సారు. ఆడేది మెకానిక్, గనిలో పనిచేసే ఈ అన్న, పత్రికకు వార్తలు రాసే నేను.

సారు హైదరాబాద్ నుంచి తెచ్చిన జిరాక్సు పుస్తకంలో, ఆట జరిగే కల్పిత దేశం గురించి ఒక్క వాక్యమే ఉంది: ఉత్తరాన కొండల్లో పొట్టివాళ్ళు గనులు తవ్వుతారు. మిగతాదంతా మేమే నింపుకున్నాం. గని మా ఊరి గనుల్లా కాక మరోలా ఉండొచ్చని ఎవరికీ తోచలేదు. ఆ పొట్టివాళ్ళకు మూడు షిఫ్టులు, షిఫ్టుకో సైరన్. కత్తి దూయడం తర్వాత, ముందు రాడ్డుతో పైకప్పును కొట్టి, అది గట్టిగా ఉందో లేదో చప్పుడును బట్టి పోల్చుకోవాలి. గనిలోకి దిగేవాడి నంబరు బిళ్ళ పైన మేకుకు వేలాడాలి, అతను పైకొచ్చాకే తీయాలి. మా ముగ్గురి బిళ్ళలకు బదులు సోడా మూతలకు చిల్లు పొడిచి క్వార్టర్ గోడకున్న మేకుకు తగిలించేవాళ్ళం.

కిందటి ఆదివారం ఆటలో పైకప్పు కూలి మా ముగ్గురు మనుషులు అవతల చిక్కారు. బయటికి ఇంకో దారి ఉందా అని అన్న అడిగాడు. తోచింది చెప్పే బదులు, ఆట కంపెనీ అధికారికంగా ఏం రాసిందో చూసొస్తానన్నాడు సారు. నాకూ సబబే అనిపించింది. మా వృత్తిలో రూఢి కానిది అచ్చుకు పోదు. వారమంతా వెతికితే కంపెనీ వేసిన కొత్త మ్యాపు దొరికింది. అందులో కొండలే లేవు.

"అసలుది ఇదేనన్నా. వేరే దేశంల మల్ల మొదలుపెడ్దాం. మీ మనుషులు వాళ్ళే ఉంటరు," అన్నాడు సారు.

"లోపల మనుషులుండంగ గని బంద్ పెడ్తరా సారూ? ముందుగాల పైకి తీస్కరా. తర్వాత సముద్రమే చేసుకో, చెరువే చేసుకో."

"లేని గనిలకెళ్ళి పైకెట్ల తియ్యాలె?"

"లేని గనిల మేమెట్ల దిగినం మరి?"

పాత పుస్తకం, కొత్త మ్యాపు రెండూ ఆ కంపెనీవేనని నేను గుర్తుచేశాను. ఏది చెల్లుతుందో కంపెనీనే అడుగుదామని నలుగురం ఒప్పుకున్నాం. సాయంత్రం సారు ఈమెయిల్ పంపాడు. జవాబొచ్చేదాకా ఆట ఆపాం.

జవాబు రాలేదు. సారుకు కరీంనగర్‌లో ఉద్యోగం దొరికింది. తర్వాత తెలంగాణ కోసం సమ్మెల కాలం వచ్చి నాకూ ఆదివారాలు మిగల్లేదు.

రాష్ట్రం వచ్చిన ఏడు ఆ క్వార్టర్‌కు వెళ్ళాను. ముందుగదికి కొత్తగా సున్నం వేశారు, మేకు చుట్టూ జానెడు మేర వదిలేసి.

"వాళ్ళు పైకొచ్చేదాక ముట్టొద్దంటడు మీ అన్న," అంది వదిన.

మూతలు మూడూ తుప్పుపట్టి ఆ మేకుకే ఉన్నాయి.