వెల్లుల్లి చప్పుడు

మిల్లమ్మ ముక్కు పోయి నెలైంది. పోయిందంటే ఊడిపడలేదు లెండి, ముఖం మీద ఎక్కడుండాలో అక్కడే నిక్షేపంలా ఉంది. వారం రోజులు మంచాన పడేసిన జ్వరం, పోతూ పోతూ వాసన కాస్తా పట్టుకుపోయింది. సబ్బూ, కిరసనాయిలూ, తడిమట్టీ అన్నీ ఆమెకు ఒకటే అయిపోయాయి. డాక్టరు ముక్కులోకి టార్చిలైటు వేసి చూసి, "వస్తే వస్తుందమ్మా, లేకపోతే లేదు" అన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసని మిల్లమ్మ అక్కడే అనేసింది.

ముప్పై ఏళ్లు నూలుమిల్లులో పనిచేసింది కాబట్టి వీధిలో అందరికీ ఆమె మిల్లమ్మే. వందల కదుళ్లు ఒక్కసారిగా గిర్రున తిరిగే హాల్లో, ఏ వరసలో ఏ కదురు గతి తప్పిందో కళ్లు మూసుకుని, చప్పుడుబట్టే చెప్పేది. ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. మిషను ఆపినవాళ్లు మెయిన్ స్విచ్ మీద చెయ్యి ఉంచి "ఆపాను!" అని కేకెయ్యాలి. అవతలి నుంచి ఎవరో ఒకరు "విన్నాను!" అనాలి. జవాబు వచ్చేదాకా చెయ్యి తియ్యకూడదు.

ఇంట్లోనూ ఆమెది అదే వరస. వంట కాగానే వంగి, గ్యాసు సిలిండరు కట్టేసి, "ఆపాను!" అని కేకేసేది. కొడుకు చిన్నప్పుడు ఎక్కడున్నా "విన్నాను!" అని అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చేవాడు. వాడికి అదో ఆట. మీసాలు మొలిచాక సిగ్గుపడి మానేశాడు. ఆమె మాత్రం మానలేదు. జవాబు రాదని తెలిసినా ఒక్క క్షణం ఆగి, అప్పుడు నడుం ఎత్తేది.

ఇక వెల్లుల్లి సంగతి. మిల్లమ్మ వంటంటేనే వెల్లుల్లి. సన్నగా తరిగి నూనెలో వేసి, కిటికీలోంచి వీధి చూసుకుంటూ నిలబడేది. సరిగ్గా వేగేవేళకి ముక్కే ఆమెను వెనక్కి పిలిచేది. జ్వరం తగ్గిన వారానికి అలాగే వేసింది, అలాగే నిలబడింది. ముక్కు పిలవలేదు. ఆమె తిరిగి చూసేసరికి వంటిల్లంతా నల్లటి పొగ, గుమ్మంలో బకెట్టు నీళ్లతో ఎదురింటి కరెంటు మేస్త్రి. కొడుకు వచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

ఆ రోజు ఆమె స్నానాలగదిలో గడియ పెట్టుకుని కరువుతీరా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని తిన్నగా వంటింట్లోకి నడిచింది. గుప్పెడు రెబ్బలు ఒలిచింది. కొంచెం కొంచెంగా నూనెలో వేస్తూ, మాడ్చుకుంటూ, తీస్తూ, ఈసారి చెవి ఒగ్గి విన్నది. వెయ్యగానే వెల్లుల్లి చిటపటమని గోల చేస్తుంది. లోపలి తడి ఆరేకొద్దీ గొంతు తగ్గిస్తుంది. ఆఖరికి గుసగుసలోకి దిగుతుంది. ఆ గుసగుస ఆగిపోయిందా, మాడిందన్నమాటే. ఆగడానికి ఒక్క ఊపిరి ముందు దించాలి. ఓస్, ఇంతేనా! ఇన్ని కదుళ్లు విన్న చెవికి ఇదో లెక్కా! ఆ తర్వాత రెండు వారాలు ఒక్క ముక్కా మాడలేదు.

అప్పుడు కొడుక్కి తల్లి మీద ప్రేమ పొంగింది. మళ్లీ పొగొస్తే బయటికి పోవాలని వంటింటి గోడకి ఫ్యాను పెట్టించాడు. దాన్నీ లైటునూ ఒకే స్విచ్చికి కలిపించాడు, అమ్మ మరిచిపోకుండా. అది తిరుగుతుంటే వంటింట్లో లారీ నిలబెట్టినట్టుండేది. ఆ హోరులో వెల్లుల్లి గుసగుస ఎవరికి వినిపిస్తుంది? మర్నాడే మాడింది. "ఫ్యాను వల్లరా" అని ఆమె మొత్తుకుంది. పొగ పోవడానికి పెట్టిన ఫ్యాను వల్ల మాడడమేంటని కొడుకు చెవిన వేసుకోలేదు. స్టవ్వు నాబులు రెండూ పీకి జేబులో వేసుకున్నాడు.

కోడలు బడిలో టీచరు. పొద్దున్నే మొగుడి దగ్గర నాబులు తీసుకుని, సీసాలోని వెల్లుల్లి ముద్ద ఒక చెంచా తోసి హడావిడిగా వండేసి, నాబులు తిరిగిచ్చేసి, "మీరు రెస్ట్ తీసుకోండి అత్తయ్యా" అని వెళ్లిపోయేది. మనసు మంచిదే. కానీ రెస్టు రెస్టని రోజంతా గోడలు చూస్తూ కూర్చోవడానికి మిల్లమ్మేమైనా మూలన పెట్టిన మిషనా?

మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగోనాడు శనివారం, కొడుక్కీ కోడలికీ ఒంటిపూటే. వాళ్లు గడప దాటగానే మంచం కిందున్న రేకుపెట్టె లాగి, మిల్లు నాటి పట్టకారు తీసింది. లైటు వెయ్యలేదు, కిటికీ వెలుగు చాలు. నాబు ఊడిన కాడని పట్టకారుతో పట్టి తిప్పి, స్టవ్వు వెలిగించింది. "నా వంటింటికి నువ్వు తాళం వేస్తావట్రా!" అని లేని కొడుకుని తిట్టుకుంటూ బంగాళాదుంపలు తరిగింది.

మధ్యాహ్నం కొడుకూ కోడలూ కలిసి మెట్లెక్కుతున్నారు. కొడుకు గట్టిగా ఊపిరి పీల్చి, "ఎవరింట్లోనో వెల్లుల్లి వేయిస్తున్నారు. ఏం వాసనే! పెట్టి పుట్టారు" అన్నాడు. నోట్లో నీళ్లూరుతుండగానే తలుపు తీశాడు. ఎదురుగా చేతిలో పట్టకారుతో తల్లి.

"ఏంటమ్మా ఇది! బుద్ధుందా?"

"ఉంది కాబట్టే పట్టకారు దొరికింది."

"ఏదో అదృష్టం బాగుండి మాడలేదు గానీ..."

"అదృష్టమా?" మిల్లమ్మ ఒంటికాలి మీద లేచింది. "అయితే నీ ఎదురుగానే మళ్లీ వేస్తా. మూకుడు వైపు చూడను కూడా చూడను. మాడిందా, ఈ వంటింటి గడప తొక్కను. మాడలేదా, ఆ ఫ్యాను పీకించాలి, నాబులు నీ చేత్తో నువ్వే పెట్టాలి."

"మాడితే పోనీ అనుకోవచ్చమ్మా. గ్యాసు లీకైతే? నీకు వాసనే తెలీదు కదా! ఆఫీసులో కూర్చుంటానన్న మాటే గానీ నా ప్రాణాలు ఇక్కడే ఉంటున్నాయి." అతని గొంతు వణికింది.

ఆ వణుకు ఆమె విన్నది. అయినా మెత్తబడలేదు. "సిలిండరు దగ్గర నేనేం చేస్తానో నీకు మీసాలొచ్చాక ఒక్కసారైనా చూశావా? ముక్కు పోయిందిరా. మనిషి పోలేదు."

ఆమె మళ్లీ రెబ్బలు తరిగింది. కొడుకు అలవాటుగా లైటు వేశాడు, ఫ్యాను హోరెత్తింది.

"ఆపు దాన్ని! నాకు వినపడదు."

"ఏం వినపడాలి?"

"నోరు మూసుకుని నిలబడు, నీకే తెలుస్తుంది."

కోడలు చప్పున స్విచ్ ఆపేసింది. మిల్లమ్మ ముక్కల్ని నూనెలో వేసి, వాటికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. చిటపట మొదలైంది. కోడలు చెవులు రిక్కించింది. గోల కాస్తా సణుగుడైంది, సణుగుడు గుసగుసైంది. కొడుకు మూకుడులోకి తొంగిచూసి, "అమ్మా, ఎర్రబడుతున్నాయి" అన్నాడు. ఆమె కదల్లేదు. మాడితే తనకిక ఈ ఇంట్లో పనుండదని ఆమెకి తెలుసు. గుండె దడదడలాడుతోంది. ఆ దడని పక్కకి నెట్టి మరీ విన్నది. గుసగుస సన్నబడింది, ఇంకా సన్నబడింది.

గిరుక్కున తిరిగి మూకుడు దించి, పట్టకారుతో స్టవ్వు ఆర్పింది.

ముక్కలన్నీ బంగారు రంగులో ఉన్నాయి, నల్లబడ్డది ఒక్కటి లేదు. కోడలు ఒకటి నోట్లో వేసుకుని, "నేనా సీసా పారేస్తున్నానత్తయ్యా" అంది. కొడుకు జేబులోంచి నాబులు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే కాడలకి బిగించాడు.

మిల్లమ్మ వంగి సిలిండరు కట్టేసింది. చెయ్యి దాని మీదే ఉంచింది.

"ఆపాను!"

ఎవరూ పలకలేదు. రోజూ అయితే ఒక్క క్షణం ఆగి లేచిపోయేది. ఇవాళ లేవలేదు. నడుం పీకుతోంది, అయినా అలాగే వంగి ఉంది. కోడలు అంతుపట్టక మొగుడి వైపు చూసింది. నేల మీద కూర్చున్న అతను తలెత్తి ఆ చేతిని చూశాడు.

"విన్నాను" అన్నాడు నెమ్మదిగా.

"మిల్లులో అయితే అది ఎవడికీ వినపడదు."

"విన్నానమ్మా!" అని గొంతెత్తి అరిచాడు, ఎదురింటి మేస్త్రి కిటికీ తలుపు తెరుచుకునేంత గట్టిగా.

అప్పుడు తీసింది చెయ్యి.