మూడు పూటలు నూరిన కత్తి

దయ్యమంటే నాకు నవ్వు. యాభై ఏళ్లు రుద్రంగి పొలాల్లో తాటిచెట్లెక్కాను. ఏ మట్ట మీదా ఏదీ కూర్చుని కనబడలేదు. రాయడం అరవై దాటాక నేర్చుకున్నాను. పెంచి రాయడం రాదు.

మా అల్లుడు శంకర్‌కు కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం. పనికిరానివన్నీ ఆన్‌లైన్లో తెప్పిస్తాడు. పోయిన ఎండాకాలం ఒక కత్తి తెచ్చి, కొత్తింటికి రంగులయ్యేదాకా మా దగ్గర పెట్టాడు. మూరెడు పొడుగు. ఒకవైపే అంచు. వీపు మొన దగ్గర విరిగినట్టు వాలి ఉంది. వెయ్యేళ్ల కింద మంచుదేశాల వాళ్లు నడుముకు కట్టుకున్నదట. ఏదో సమాధిలో దొరికిన దాన్ని చూసి చేసిన నకలట.

“పదును లేదు మామ. గోడకు పెట్టుకునుడే.”

“కోయని కత్తెందుకయ్యా, జోల పాడనీకా?” అన్నాను.

మొద్దు కత్తి ఇంట్లో ఉంటే నాకు అన్నం దిగదు. కల్లు గీసే కత్తులు నూరే చెక్క మీదే రాతిపొడి చల్లి దాన్నీ నూరాను. మూడు పూటలు పట్టింది. ముంజేతి మీద గీకితే వెంట్రుకలు రాలాయి.

మర్నాడు నా కొడుకు మల్లేశం చెట్టు దిగి మండిపడ్డాడు.

“ఏం నూరినవ్ బాపు? గెల తెగుతలేదు, చీరుకపోతుంది.”

గెల చీరితే ఆ చెట్టు కల్లు ఆ ఏడాదికి పోయినట్టే. మళ్లీ నూరి ఇచ్చాను. కింద పదును, పైకి పోయేసరికి మొద్దు. ఇంట్లో కోడలి కత్తిపీటకూ వంకాయ తెగలేదు. మూడో రోజు మల్లేశం బలంగా నొక్కాడు. కత్తి జారి తొడ తెగింది. నడుముకు మోకు ఉంది కాబట్టి బతికాడు.

అల్లుడి కత్తి పట్టుకుని చందుర్తిలో కమ్మరి ఓదెలు దగ్గరికి పోయాను. ఇది నూరినప్పటి నుంచే మా కత్తులు తెగడం మానేశాయి, దీని పదును చంపెయ్ అన్నాను. ఓదెలు అంచు పొడుగునా బొటనవేలు గట్టిగా రుద్దాడు.

“పరాష్కాలా గౌడు? దీనికి పదునే పెట్టలే. ఏం చంపాలె?”

నేనూ రుద్దాను. గరిటె అంచంత మందం. ఇనుము మీద నూరిన గీత ఒక్కటి లేదు.

అటునుంచి అటే కోరుట్ల పోయి అల్లుడి ముందు పడేశాను. అది నా గడప తొక్కితే నువ్వు తొక్కకు అన్నాను. అలిగాడు. అలగనీ.

ఆ రోజు నుంచి మా కత్తులు మామూలుగానే కోస్తున్నాయి. మల్లేశం కుంటుకుంటూనే చెట్టెక్కుతున్నాడు. తన కత్తులు తనే నూరుకుంటాడు. చెక్క నన్ను ముట్టనివ్వడు.

“నువ్వు అప్పుడు ఏం నూరినవో చెప్పు, ఇస్త” అంటాడు.

ఆ మూడు పూటలు నా చేతి కింద అరిగిందేమిటో నాకే తెలియదు. వాడికేం చెప్పను?