ఆగని కొసరు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: కంప్యూటర్‌కు ఒక్క మాట చెబితే చాలు, మన మనసులో ఉన్న మిగతాదంతా అదే తెలుసుకుంటుందని. (మా ఇంట్లో మనుషులే తెలుసుకోరు, అది వేరే సంగతి.) పదో తరగతి తప్పి, తమిళనాడులోని కోవిల్‌పట్టి బస్టాండు వెనకాల ఒక చిన్న సెంటర్లో వెబ్ పేజీలు చేయడం నేర్చుకుంటున్నాను. అమ్మ అప్పటికే అగ్గిపెట్టెల కంపెనీలో నాకు చోటు అడిగి పెట్టింది. అంతలో, వేరుశనగ మిఠాయి చేసి అమ్మే మా పెద్నాయన ఫోన్లో ఆర్డర్లు తీసుకునే పేజీ కావాలన్నాడు. పేజీ కుదిరితే ఆయన దుకాణంలో కంప్యూటర్ ముందు కుర్చీ నాది, కుదరకపోతే అగ్గిపెట్టెలు. కుదిరిందో లేదో తేల్చేది మాత్రం ఆయన చెల్లెలు, వ్యాపారంలో పొత్తున్న విరుదునగర్ అత్త.

దుకాణాన్ని కడై అనే పెద్నాయన పెట్టిన షరతు ఒక్కటే. "కొసరెయ్యకుండా మన కడైలో పొట్లం కట్టేది లేదు పాపా. కంపూటర్లో అయినా అంతే." సరేనని, బటన్ నొక్కగానే మిఠాయి పొట్లం ఊగుతూ వచ్చి బుట్టలో పడేటట్టు చేశాను. పడడం పూర్తయ్యాక ఏం జరగాలో స్క్రిప్టులో ముందే రాసి పెట్టాలి, దాన్ని కాల్‌బ్యాక్ అంటారు. అక్కడ 'ఒక కొసరు ముక్క పడెయ్యి' అని రాశాను. ఆ ముక్క పడడానికి మళ్లీ కొత్తగా రాయడమెందుకని, పొట్లం పడిన పద్ధతే వాడేశాను. మొదటి ముక్క పడగానే ఆనందం పట్టలేక పేజీ మూసేసి, అయిపోయిందని పెద్నాయనకు చెప్పి వచ్చాను.

ఆదివారం విరుదునగర్లో అత్త చుట్టాలందర్నీ కూర్చోబెట్టుకుని తన ఫోన్లో బటన్ నొక్కింది. వెంటనే నాకు ఫోన్.

"ఏమే, మీ పెద్నాయనకి పిచ్చి పట్టిందా? కొసరు పడతానే ఉండాది!"

"మెల్లగా నొక్కు అత్తా. ఊరికే నొక్కుతా ఉంటే అట్లానే పడతాది."

"నేను ఏడ నొక్కతా ఉండా? వేలు తీసి కాపీ తాగతా ఉండాను. అదే పోస్తా ఉంది!"

వెనకనుంచి ఎవరో "ఇంకా వస్తాదా అక్కా? ఫోన్ ఇట్లా తిప్పు, చూస్తాం" అంటున్నారు. నేను అత్తను నమ్మలేదు (ఆమె ఆగకుండా తలుపు తట్టే తీరు తెలిసినవాళ్లెవరూ నమ్మరు). బటన్ నొక్కిన ప్రతిసారీ 'నొక్కారు' అని తెరమీద పడేటట్టు రాసి, నేనే నొక్కి చూశాను. 'నొక్కారు' ఒక్కసారే పడింది. ముక్కలు మాత్రం వాన కురిసినట్టు కురుస్తున్నాయి. అయినా బుద్ధి రాక మౌస్‌ను తిట్టాను, దాని తీగ పీకి మళ్లీ పెట్టాను.

"ఏమే, పొట్లం కట్టే మనిషే లేడా ఆడ?" అంది అత్త, ఇంకా ఫోన్లోనే ఉండి.

నిజంగానే లేడు. ప్రతి కొసరూ పడడం పూర్తవగానే, పొట్లానికి నేను చెప్పినట్టే, తనకొక కొసరు అడుగుతోంది. కొసరుకు కొసరు ఉండదని దానికి నేను చెప్పలేదు. కొసరు పడితే పొట్లం కట్టెయ్యమని విడిగా రాసి, మళ్లీ నొక్కమన్నాను. పొట్లం పడింది, ఒక ముక్క పడింది, ఆగింది.

"ఇంతేనా?" అంది అత్త, ఇంట్లో దీపం ఆరిపోయినట్టు. "ముందటిదే బాగుండె."

నా చేతులకు అప్పుడే అగ్గిపెట్టెల వాసన వచ్చినట్టయింది. కానీ ఆమె పెద్నాయనకు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: "అన్నా, దాన్ని ఆ కుర్చీలోనే ఉండనీ. ఇచ్చేటప్పుడు చెయ్యి ఆగని పిల్ల మన కడైకి మళ్లీ దొరకదు."

ఇప్పుడు నేను చేసే పేజీలన్నీ ఆగాల్సిన చోట చక్కగా ఆగుతాయి. వాటిని చూపించడానికి మాత్రం ఎవరూ చుట్టాలను పిలిచి కూర్చోబెట్టడం లేదు.