ఈనెలు తీయని గోరుచిక్కుడు

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడంటే భయం ఎక్కువ, వంటంటే భయం ఇంకా ఎక్కువ. ఈ రెండో భయం నాది. పంతొమ్మిదేళ్లొచ్చాయి, టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను, పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో నోట్సుల మీద నోట్సులు రాస్తున్నాను. పోపులో ఆవాలు ముందా జీలకర్ర ముందా అంటే మాత్రం తెల్లమొహం వేసేదాన్ని. అమ్మ ఉండగా తెలియాల్సిన అవసరం రాలేదు. ("మా అమ్మాయీ అంతేనండీ" అని మురిసిపోయే తల్లులకి ఒక్క మాట: ఈ వారమే నేర్పించెయ్యండి.)

పద్మారావు నగర్‌లో మేం అద్దెకున్న పోర్షన్ వెనక, నీళ్ల తొట్టికీ ప్రహరీకీ మధ్య మంచం పట్టేంత జాగా ఉండేది. అమ్మ అక్కడ గోరుచిక్కుడు పెట్టింది. గుంటూరు వైపునుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం. కాయ పొట్టిగా, నూగుతో, కాస్త చేదుగా ఉంటుంది. ఆ ఏడే అమ్మ కడుపులో గడ్డ ఉందని, కోసి తీసెయ్యాలని డాక్టర్లన్నారు. మొదటి కోత కోత పండగకి ఇచ్చుకుంటానని అమ్మ దేవుడికి మాటిచ్చింది. (క్రైస్తవులం కదా, మొక్కు అనకూడదు మేము, సమర్పణ అనాలి. పేరేదైతేనేం, భయం ఒకటే.) కోత పండగంటే ఎవరింట పండింది వాళ్లు తెచ్చి గుళ్లో బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. సోమవారం ఆస్పత్రికి వెళ్తూ, ఆటోలో కూర్చున్నాక కూడా అమ్మ తల బయటికి పెట్టి, "కాయలు జాగ్రత్తే. మొదటి కోత దేవుడిది. ఆదివారం నువ్వే పట్టుకెళ్లాలి" అంది. ఆపరేషన్ ఆ ఆదివారం దాటాక వచ్చే బుధవారం.

గురువారానికి నాన్న మొహం చూడలేకపోయాను. ఆఫీసు, ఆస్పత్రి, మళ్లీ ఆఫీసు. మధ్యలో బన్నూ టీ. ఈ మనిషికి ఇవాళ అన్నం పెట్టాల్సిందే అనుకున్నాను. బుట్టలో చూస్తే రెండు ఉల్లిపాయలు. పెరట్లో చూస్తే గుత్తులు గుత్తులుగా కాయలు. అమ్మ మాట మర్చిపోయానంటే అబద్ధం. గుర్తుంది కనకే వాదన తయారుచేసుకున్నాను: లేతకాయ రెండు రోజులాగితే కట్టె అవుతుంది, ఆదివారానికి పైన మళ్లీ కాస్తాయి, దేవుడికీ లేతవే వెళ్తాయి, ఇందులో తప్పేముంది? ట్రైనింగులో ఇంత బాగా వాదించి ఉంటే ఫస్టు క్లాసు వచ్చేది. కాయకి కాయ తుంచాలని ఎవరు చెప్పారు నాకు? ఒక్కో గుత్తినీ పట్టుకుని మెలితిప్పి లాగాను. పూతా పిందే, పైన చిగురుతో సహా చేతిలోకొచ్చాయి.

ఇక వంట. ఈనెలు తీయాలని తెలియదు, ముందు ఉప్పేసి ఉడికించాలని తెలియదు. తుంచి మూకుట్లో పడేసి, కారం గుప్పించి, దించాను. నాన్న పీట మీద కూర్చుని నోట్లోంచి ఒక్కో ఈనే లాగుతుంటే దర్జీ దారం లాగుతున్నట్టుంది. "ఎలా ఉంది నాన్నా?" అంటే, నీళ్లు తిరిగిన కళ్లతో "బాగుందమ్మా" అన్నాడు. మళ్లీ వడ్డించుకున్నాడు కూడా. తినడం అయ్యేసరికి కంచం పక్కన పిచ్చుక గూడు కట్టుకునేంత పీచు.

తెల్లారి గోడవతల నుంచి పరేషాన్ పిన్ని కేకేసింది. (ఆవిడ నోట పరేషాన్ లేని వాక్యం రాదని నేను పెట్టుకున్న పేరు. ఎదురుగా మాత్రం ఉట్టి పిన్నే.) "ఏందే బిడ్డా, గోకరచెట్లకు గిట్ల గుండు కొట్టించినవ్?" చూద్దును కదా, గోరుచిక్కుడు మోడులే ఉన్నాయి. ఆదివారానికి కాదు కదా, క్రిస్మస్‌కి కూడా కాయదు. ఏడుపాపుకోలేక ఉన్నదంతా చెప్పేశాను. పిన్ని గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో! దేవునికి అన్నది తిన్నరా? మా పెద్దత్త గిట్లనే, నైవేద్యం కుండల అన్నం ముందుగాల నోట్లేస్కున్నది." "ఏమైంది?" అన్నాను. "ఏమైతది, తెల్లారి మెట్ల మీదికెళ్లి పడ్డది. మల్ల లేవలే."

బుధవారం అమ్మకేదైనా అయితే అది నేను చేసినట్టే. నా మొహం చూసి పిన్ని మాట మార్చింది. "జెర ఆగు, పరేషాన్ గాకు. రెజిమెంటల్ బజార్ల కాప్రా తోటల కాయ దొర్కుతది. తెచ్చి పెట్టు. ఏ చెట్టు కాయో దేవుడు అడుగుతడా?"

శనివారం వెళ్లాను. అక్కడన్నీ పొడుగ్గా నున్నగా ఉన్న కాయలు. అమ్మ కాయలాంటివి ఏరుకుంటూ తట్ట ముందు కూర్చుండిపోయాను. కాప్రా నుంచి తెచ్చి అమ్మే ఆమె కాసేపు ఓర్చుకుని, "గోకరకాయ కొంటున్నవా, పెండ్లి సంబంధం చూస్తున్నవా?" అంది. చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం పళ్లెంలో అమ్మ ఎంబ్రాయిడరీ గుడ్డ పరిచి, బజారు కాయలు పేర్చి, బల్ల ముందు పెట్టాను. ఆ రోజు పాస్టరు అయ్యగారి ప్రసంగం దేని మీదనుకున్నారు? దేవుడికిస్తామన్న దాంట్లో కొంత దాచుకుని, అక్కడికక్కడే కూలిపోయిన మొగుడూ పెళ్లాల మీద. పండగపూట ఇంకో వాక్యమే దొరకలేదా ఆయనకి! వేలంలో సంఘపెద్ద నా పళ్లెం పైకెత్తి, "ఆస్పత్రి మంచం మీదుండి కూడా మన అక్కయ్య పంపిన ప్రథమఫలం!" అన్నాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. జాలి కొద్దీ పాట పెరిగి పెరిగి పక్కనున్న కోడిపుంజు ధర దాటిపోయింది. నేను నేల చీలితే బాగుండుననుకుంటున్నాను. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు ఇంకాస్త పాడింది. నాన్న. గురువారం అసలు ప్రథమఫలాన్ని ఈనెలతో సహా తిన్న మనిషి! పళ్లెం అందుకుని, నా వైపు చూడకుండా, "పద, మీ అమ్మకి చూపిద్దాం" అన్నాడు.

అమ్మ కాయని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నిమిరింది. "ఇవి మనవి కావే." అంతే, నేను మంచం పట్టె మీద తలపెట్టి భోరుమన్నాను. "నేనే వండేశానమ్మా. నా మూలంగా నీకేదైనా అయితే..." అమ్మ కాయని పళ్లెంలో పెట్టేసి అడిగింది, "నాన్న తిన్నారా?"

"తిన్నారు."

"ఈనెలు తీశావా?"

"ఈనెలా?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అమ్మకి నవ్వు ముంచుకొచ్చింది. కడుపు పట్టుకుని, నొప్పితో మూలుగుతూ నవ్వింది. "దేవుడు బతికిపోయాడే! ఆ కూర ఆయనకే వెళ్లుంటే నన్ను పిలిపించి అడిగేవాడు" అంది. తర్వాత లేచి కూర్చుని, దుప్పటి మీద పాత పేపరు పరిపించి, "ఇలా చూడు. కొన విరిచి కిందికి లాగు. ఇప్పుడు రెండో వైపు" అని మొదలుపెట్టింది. విజిటర్స్ టైము అయిపోయిందని నర్సు గంట కొట్టేదాకా ఆ పళ్లెమంతా ఇద్దరం కలిసి తీశాం. అమ్మ నాకు నేర్పిన మొదటి వంట అదే. ఆఖరిది కూడా.

బుధవారం ఆపరేషన్ బల్ల మీదే అమ్మ పోయింది.

గడ్డ పెద్దదైపోయిందన్నారు, ఆలస్యమైందన్నారు. నాకవేవీ ఎక్కలేదు. గోరుచిక్కుడే ఎక్కింది. సమాధి కార్యక్రమం అయిన మర్నాడు పరేషాన్ పిన్ని అన్నం గిన్నెతో వచ్చి, గడపలోనే నిలబడిపోయింది. "నేనన్న మాట మనసుల పెట్టుకోకు బిడ్డా. ఆ దినం మెట్ల మీద తడుండె. మా అత్త గందుకే పడ్డది" అని, నా కంటే ముందు తనే ఏడ్చింది. ఆ ఒక్కపూటా పరేషాన్ అన్న మాటే రాలేదు ఆవిడ నోట.

తొట్టి వెనక నా చేతికి చిక్కని గుత్తి ఒకటి చెట్టునే ఎండింది. మరుసటి వానలకి ఆ గింజలే పెట్టాను. మొదటి కోత గుడికి తీసుకెళ్లలేదు. దేవుడి మీద కోపంగా ఉంది, దాపరికం దేనికి? కాయకి కాయ తుంచి, రెండు వైపులా ఈనెలు లాగి, ఉప్పేసి ఉడికించి, అచ్చం అమ్మలా వండి నాన్నకి పెట్టాను. ఒక్క పీచు తగల్లేదు. నాన్న తలొంచుకుని మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, తువాలుతో తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. "పోయినసారి కూరే బాగుందమ్మా" అన్నాడు.

ఇప్పుడు నాకు అమ్మకంటే చాలా ఎక్కువ వయసు. నాన్నా లేడు. దేవుడితో రాజీ అయి కూడా చాన్నాళ్లయింది, ఏటా కోత పండగకి పళ్లెం పట్టుకెళ్తూనే ఉన్నాను. ఇంట్లో గోరుచిక్కుడు వండినప్పుడు మాత్రం ఒక్క కాయకి ఈనె తీయకుండా వదిలేస్తాను. అది ఎవరి కంచంలో పడితే వాళ్లు గింజుకుంటారు. మొన్న మా మనవరాలు దాన్ని నోట్లోంచి బారెడు లాగి, "అమ్మమ్మకి చూపు తగ్గింది, డాక్టర్‌కి చూపించాలి" అంది. తగ్గిందనే ఒప్పుకున్నాను.